బొటనవేలి సమ్మతి

మా జిల్లా వస్తుదోష విచారణ మండలిలో న్యాయం ఆలస్యమవుతోందని గిట్టనివాళ్ళు అంటుంటారు. అది శుద్ధ అబద్ధం. ఆలస్యం కావాలంటే ముందు మొదలవ్వాలి కదా. నేనిక్కడ పద్దెనిమిదేళ్ళుగా సీనియర్ గుమస్తాని కాబట్టి కాస్త అధికారంగానే చెబుతున్నాను.

కొన్న మిక్సీ పేలినా, కూర్చున్న కుర్చీ విరిగినా జనం మా దగ్గరికే వస్తారు. వినాల్సిన అధ్యక్షులవారు ఒక్కరే. ఆయన వాయిదాల పుస్తకం నాలుగేళ్ళ వరకు నిండిపోయింది, ఐదో ఏటి పుస్తకం ఇంకా అచ్చు కాలేదు. ఇది చూసి పైవాళ్ళ మనసు కరిగి 'స్వచ్ఛంద సమ్మతి పథకం' అని ఒకటి పంపారు. దాంతోపాటు ఒక సహాయ న్యాయాధికారిని కూడా పంపారు. పెద్దాయన దగ్గర నాలుగేళ్ళు పట్టే కేసుని ఈయన నాలుగు వారాల్లో తేల్చేయవచ్చు. షరతు ఒక్కటే. ఫిర్యాదీ, ప్రతివాది ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఎవరూ ఏమీ అనకూడదు. ఇద్దరి సమ్మతీ ఖరారయ్యే వరకు ఎవరు సరేనన్నారో ఎవరు కాదన్నారో ఏ న్యాయాధికారి చెవినా పడకూడదు.

ఆ సహాయ న్యాయాధికారి పేరు విక్టర్ గారు. చేరి పదకొండు నెలలైనా ఆయన బల్ల మీద ఒక్క కాగితం చేరలేదు. రోజూ పదిన్నరకి వచ్చి కలం మూత తీసేవారు, ఐదింటికి మూత పెట్టి వెళ్ళేవారు. మధ్యాహ్నం ఒకసారి నా బల్ల దగ్గరికొచ్చి, "అప్పాజీ గారూ, ఎవరన్నా ఒప్పుకున్నారా అని నేను అడగడం లేదు, అడగకూడదు కూడాను. ఊరికే, మీరెలా ఉన్నారూ అంటున్నాను," అనేవారు. నేను బాగున్నానని చెప్పేవాణ్ణి. ఆయన నిట్టూర్చి వెళ్ళిపోయేవారు.

పథకం నడిపించే బాధ్యత మా రిజిస్ట్రారు ఇవటూరి త్రివిక్రమం గారిది. ఆయన చెడ్డవారు కారు. చీమకైనా అపకారం చేయరు, చేయమని నిబంధనలో ఉంటే తప్ప.

ఇలా ఉండగా వేసవిలో వాసంశెట్టి నూకరత్నం వచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి, పూతరేకులు తీయడం ఆవిడ వృత్తి. గోదావరి గట్టున వాళ్ళ వీధి వీధంతా అదే పని. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరిస్తే రెప్పపాటులో రేకు తేలుతుంది. దాన్ని చిరక్కుండా లేపేది బొటనవేలు. ఆ వేలికి రేకు అంచు ఎక్కడుందో తెలియాలి. కళ్ళు మూసుకుని కూడా లేపేదట నూకరత్నం.

ఆ వీధికి పోయిన ఏడాది 'ధగధగ గృహోపకరణాల సంస్థ' వాళ్ళు వచ్చి కరెంటు కుండలు అమ్మారు. పొగ లేదు, మంట లేదు, మీట నొక్కితే చాలు. పైగా కుండ అంచున ఒక తళతళలాడే లోహపు రేకు బిగించి దానికి 'బొటనవేలి విశ్రాంతి' అని పేరు పెట్టారు. రోజంతా కష్టపడే బొటనవేలిని అక్కడ ఆనించుకోమని కరపత్రంలో బొమ్మ వేసి మరీ చెప్పారు. నూకరత్నం ఆనించింది. మిగతా కుండంతా బాగానే ఉంది గానీ, ఆ విశ్రాంతి మాత్రం నిప్పయింది. కుడి బొటనవేలి కొన చర్మం ఊడి, మానేసరికి నున్నగా గులకరాయిలా తేలింది. గీతలు లేవు, స్పర్శా లేదు. తీసిన రేకు తీసినట్టే చిరిగిపోతోంది.

"నష్టపరిహారం సంగతి తరవాతండి," అంది నా బల్ల ముందు నిలబడి. "ముందు ఆ కుండలు ఆపించండి. మా వీధిలో ఇంకో పదకొండిళ్ళల్లో ఉన్నాయండి అవి. ఆ కంపెనీవోళ్ళు నాదే అజాగ్రత్తని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నారండి. మావోళ్ళూ అదే నమ్మేరు. ముద్ర కొట్టిన సర్కారు కాయితం చూపిత్తేగాని నా మాట వినరండి."

నాలుగేళ్ళు అంటే ఆవిడ గుండె ఆగేలా ఉందనిపించి పథకం గురించి చెప్పాను. ఆవిడ సమ్మతి పత్రం తీసుకుని అక్కడికక్కడే గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది ఏడో నిబంధనతో వచ్చింది. సంతకాన్ని బెదిరించి పెట్టించవచ్చు కాబట్టి సమ్మతి స్వచ్ఛందమని నిర్ధారించడానికి యంత్రం మీద వేలిముద్ర కూడా వేయాలి. వేలిముద్రని ఎవరూ బలవంతంగా వేయించలేరని ఆ నిబంధన రాసినవారి నమ్మకం. మన ఊళ్ళల్లో వడ్డీవ్యాపారుల చరిత్ర వారు చదివినట్టు లేదు. మగవారైతే ఎడమ బొటనవేలు, ఆడవారైతే కుడి బొటనవేలు.

నూకరత్నం కుడి బొటనవేలు పెట్టింది. యంత్రం ఎర్రదీపం వెలిగించి, "ముద్ర దొరకలేదు, మళ్ళీ ప్రయత్నించండి," అంది. ఆవిడ మళ్ళీ ప్రయత్నించింది. చీరకొంగుతో తుడిచి ప్రయత్నించింది. పదిహేడోసారి త్రివిక్రమం గారే స్వయంగా గది లోంచి వచ్చారు.

"కాలిపోయిందండి, అందుకే పడతాల్లేదు," అంది నూకరత్నం.

త్రివిక్రమం గారు చప్పున చేయెత్తి ఆపారు. "అమ్మా, ఆ మాట అనకూడదు. వేలు కాలిందా లేదా, కాలితే దేనివల్ల కాలింది అన్నదే కదా అసలు వివాదం. దాన్ని తేల్చే అధికారం న్యాయాధికారికి మాత్రమే ఉంది. ఇప్పుడు నేను 'కాలిన కారణంగా ముద్ర పడలేదు' అని రాస్తే, మీ కేసు నేనే తీర్పు చెప్పినట్టవుతుంది. అప్పాజీ, రాయవయ్యా. ముద్ర లభ్యం కాలేదు. కారణం తెలియదు."

నేను రాశాను.

"కారణం ఆ గదిలో బీరువా మీదుందండి," అంది నూకరత్నం. నిజమే, ఆ కుండని సాక్ష్యవస్తువుగా చీటీ కట్టి అక్కడే పెట్టాం.

"అది కారణమో కాదో ఇంకా తేలలేదమ్మా. ప్రస్తుతానికి అది ఒక కుండ."

"మరి ఎడంవేలు తీసుకోండి బాబూ. ఇది బాగానే ఉంది."

త్రివిక్రమం గారు ఆ వేలిని సానుభూతిగానే చూశారు. "బాగానే ఉంది. కానీ అది మగవేలు."

ఎడమవేలు తీసుకోవచ్చా అని పైకి రాశాం. ఆరు వారాలకు జవాబు వచ్చింది. కుడివేలు పనికిరాదని అధికారం గల న్యాయాధికారి ప్రకటించిన పక్షంలో తీసుకోవచ్చట. ఆ ప్రకటన చేయడానికి విక్టర్ గారికి అధికారం రావాలంటే సమ్మతి కావాలి. సమ్మతి కావాలంటే ప్రకటన కావాలి. త్రివిక్రమం గారు ఆ జవాబుని రెండుసార్లు చదివి, "ఎంత పకడ్బందీగా ఉందో చూశావా," అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళొక్కటే తక్కువ.

పోనీ డాక్టరు కాగితం తెమ్మన్నాం. ప్రభుత్వ వైద్యుడు 'వేడి వస్తువు తగిలి కాలినది' అని రాసిచ్చాడు. అందులో కారణం ఉంది కాబట్టి తిప్పి పంపాం. విసుగెత్తి ఈసారి 'బొటనవేలు ఉంది. ముద్ర లేదు' అని మాత్రమే రాసిచ్చాడు. ఆ భాషకి త్రివిక్రమం గారు ముచ్చటపడ్డారు గానీ, అది మాకు తెలిసిన విషయమే కనుక కొత్తగా ఉపయోగపడలేదు.

విచిత్రమేమిటంటే ప్రతివాది వైపు ఏ ఇబ్బందీ లేదు. ధగధగ సంస్థ వకీలు చెరుకువాడ విశ్వపతి గారు మొదటి వారంలోనే వచ్చి సమ్మతించి, ఎడమ బొటనవేలు పెట్టి, పచ్చదీపం వెలిగించుకుని వెళ్ళారు. కొత్త న్యాయాధికారి అయితే మెత్తగా ఉంటాడని ఆయన లెక్క. ఆ కాగితాన్ని రహస్య కవరులో పెట్టి లక్కముద్ర వేశాం. విశ్వపతి గారు సమ్మతించిన సంగతి నాకూ, రిజిస్ట్రారుకీ, నూకరత్నానికీ, ఎదుటి కాఫీ హోటలుకీ తెలుసు. విక్టర్ గారు అదే హోటల్లో కాఫీ తాగుతారు గనక, ఆ ప్రస్తావన రాగానే పాపం లేచి కాఫీ గ్లాసుతో సహా బయటికి వెళ్ళి నిలబడేవారు.

మూడో నెలలో త్రివిక్రమం గారు నూకరత్నానికి స్వచ్ఛందతా విచారణ జరిపారు. అది పదో నిబంధన.

"మీరు సహాయ న్యాయాధికారి ముందు విచారణకు ఎవరి ఒత్తిడీ లేకుండా ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటన్నానండి."

"ఎవరైనా బెదిరించారా, విసిగించారా?"

"బెదిరించలేదండి. విసిగించడమంటే, మూడు నెల్లనించి తవరేనండి."

ఆయన కలం ఆపారు. విసుగుతో ఒప్పుకున్న సమ్మతి స్వచ్ఛందమవుతుందా అన్న అనుమానం ఆయనకి వచ్చేసింది. ఆ అనుమానం తీర్చమని మళ్ళీ పైకి రాశాం.

ఈలోగా నూకరత్నం తోడికోడలు వీరవేణి ఒకరోజు ఆవిడతో వచ్చింది. వీరవేణి కుడిచేతికి గుడ్డ కట్టి ఉంది. నూకరత్నం వేలు కాలినప్పుడు మొదట ఎగతాళి చేసింది ఆవిడేనట, తోడికోడలికి పని రాదని. ఇప్పుడు ఆవిడ ఆ చేతిని కొంగు కింద దాచుకుంది. నూకరత్నమే మాట్లాడింది.

"ఇది రెండోదండి. ఇంకా పదిళ్ళున్నాయి. మీ కాయితం వచ్చేలోపు ఎన్ని వేళ్ళు కావాలో చెప్తే మేవే కాల్చుకుని ఒక్కసారే తెచ్చేత్తామండి."

నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు. సిగ్గేసింది, చెప్పడానికేం. కానీ సిగ్గుకి ఫైల్లో గడి లేదు.

వర్షాకాలం ముగిసేసరికి అయిదుగురయ్యారు. అయిదుగురూ వరసగా యంత్రం ముందు నిలబడ్డారు, అయిదుసార్లూ ఎర్రదీపమే వెలిగింది. అప్పుడు త్రివిక్రమం గారికి ఒక సత్యం స్ఫురించింది. అయిదుగురు మనుషుల వేళ్ళు ఒకేలా చెడిపోవడం అసంభవం, కాబట్టి చెడిపోయింది యంత్రమే. దోషపూరితమైన వేలిముద్ర యంత్రం అమ్మినందుకు దాని తయారీదారు మీద మా మండలే ఫిర్యాదు చేయాలని తీర్మానించారు. ఆ ఫిర్యాదు మా మండలిలోనే దాఖలైంది. నాలుగేళ్ళు ఆగడం ఇష్టంలేక త్రివిక్రమం గారు సహాయ న్యాయాధికారికి సమ్మతించారు. సమ్మతి నిర్ధారణకి ఆ యంత్రం మీదే వేలు పెట్టారు. పచ్చదీపం వెలిగింది. యంత్రం బాగానే ఉందని రుజువై, ఫిర్యాదు వీగిపోయింది.

కార్తీకమాసం మొదటి సోమవారం సాక్ష్యవస్తువుల అర్ధవార్షిక తనిఖీ వచ్చింది. కరెంటుతో నడిచే సాక్ష్యవస్తువు పాడుకాకుండా ఉందో లేదో ఆరు నెలలకొకసారి నడిపి చూడాలని రూలు. 'తయారీదారుల సూచనల మేరకు' నడపాలని కూడా అందులోనే ఉంది. ఇలాంటి పనులు త్రివిక్రమం గారు ఇంకొకరికి వదలరు. కుండని తన బల్ల మీదికి తెప్పించుకుని, మీట నొక్కి, కుడిచేత్తో కరపత్రం పట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టారు.

"ఒకటి. కుండ వేడెక్కడానికి పది నిమిషాలు ఆగవలెను. ఆగితిమి. రెండు. బొటనవేలిని విశ్రాంతి మీద సుఖముగా ఆనించవలెను."

"అయ్యా," అన్నాను నేను.

"ఏమిటి?"

అది కాలుతుందని చెప్పబోయాను. కానీ అది కాలుతుందో లేదో ఇంకా తేలలేదు. నేను తీర్పు చెప్పినట్టవుతుంది. "ఏమీ లేదండి," అన్నాను.

ఆయన ఎడమ బొటనవేలు సుఖముగా ఆనించారు. తరవాత వచ్చిన కేకకి విక్టర్ గారు కలం మూత పెట్టకుండానే పరుగెత్తుకొచ్చారు. ఏం జరిగిందని అడగబోయి, అది పెండింగు కేసు తాలూకు విషయమేమోనని అనుమానమొచ్చి, చెవులు మూసుకుని వెనక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు ఉదయం త్రివిక్రమం గారు ఎడమచేతికి తెల్లటి కట్టుతో వచ్చారు. మా ఆఫీసులో హాజరు కూడా ఆ వేలిముద్ర యంత్రం మీదే పడాలి, మగవారికి ఎడమవేలే. కట్టు విప్పి పెట్టారు. ముద్ర దొరకలేదు, మళ్ళీ ప్రయత్నించండి అంది యంత్రం. నీరు పట్టిన బొబ్బలో దానికి మాత్రం ఏం దొరుకుతుంది? ఆ రోజు ఆయన గైరుహాజరు. మర్నాడూ అంతే. ఆయన తన కుర్చీలోనే కూర్చుని ఉండేవారు, కాని లేరు. రిజిస్ట్రారు లేనప్పుడు నకళ్ళు జారీ చేయడం లాంటి చిల్లర అధికారాలు సీనియర్ గుమస్తాకి వస్తాయి. సమ్మతి ఖరారు చేసే అధికారం మాత్రం రాదు. అంచేత నేను ఆయన ఎదురుగా నిలబడి, ఆయన లేని సమయంలో ఆయన పని చేయడం మొదలుపెట్టాను.

ఏడు రోజులు వరసగా గైరుహాజరైతే ఉద్యోగం వదిలేసినట్టు లెక్క, ఈలోగా వినతి పంపుకుంటే అది తేలేదాకా ఆ లెక్క ఆగుతుంది. ఆరో రోజు ఆయన నన్ను పిలిచారు.

"అప్పాజీ, పైకి ఒక లేఖ రాయి. ముద్ర ఎందుకు పడలేదో వివరించి హాజరు మన్నించమని."

కాగితం తీసుకుని కూర్చున్నాను. "ముద్ర లభ్యం కాలేదు, కారణం తెలియదు, అని రాయనా అండీ?"

"కారణం తెలియకపోవడమేమిటయ్యా? నా వేలు కనబడ్డం లేదూ?"

"వేలు కనబడుతోందండి. కానీ కాలిందా, కాలితే దేనివల్ల కాలింది అన్నది..."

ఆయన చాలాసేపు నా వైపు చూశారు. నేను ఎగతాళి చేస్తున్నానో లేక ఆయన శిష్యుణ్ణో తేల్చుకోలేకపోయారు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. చివరికి కాగితం లాక్కుని కుడిచేత్తో తానే రాశారు. మూడు పేజీలు రాశారు. ధగధగ కుండ తయారీదారుల సూచనల ప్రకారమే నడిపినా, పది నిమిషాల్లో బొటనవేలి విశ్రాంతి అనబడే రేకు చర్మం ఊడేంత వేడెక్కిందనీ, వాడేవారి అజాగ్రత్త ఇందులో ఇసుమంతైనా లేదనీ, అయిదుగురు స్త్రీల కుడివేళ్ళు కూడా ఇదే విధంగా పోయాయని తన దృఢాభిప్రాయమనీ రాశారు. కింద సంతకం చేసి, హోదా రాసి, గుండ్రటి ఆఫీసు ముద్ర కొట్టి, పైకి వెళ్ళే ఉత్తరాల పుస్తకంలో నంబరు వేయించారు. ఎవరి ఒత్తిడీ లేదు.

ఆ మధ్యాహ్నం నూకరత్నం వాయిదా తేదీ కనుక్కోవడానికి వచ్చింది. కట్టు చూసి ఆగిపోయింది.

"అయ్యో, నీళ్ళ బిందెలో పెట్టలేదాండి? పెడితే మంట లాగేసేది," అంది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఆవిడకి నిజంగానే బాధేసింది.

ఉత్తరాల పుస్తకంలో చేరిన ఏ లేఖకైనా నకలు అడిగే హక్కు కేసులో ఉన్నవారికి ఉంటుందని నేను ఎవరితోనూ అన్నట్టు కాకుండా పైకి చదివాను. నకళ్ళ నిబంధన గట్టిగా చదవకూడదని ఎక్కడా లేదు. నూకరత్నం దరఖాస్తు రాసింది. ధ్రువీకృత నకలు ఆ రోజే ఇచ్చాను. మా మండలిలో అడిగిన రోజే కాగితం బయటికి వెళ్ళడం అదే మొదలు. ఇది దయతో చేసింది కాదని, కేవలం ఇన్‌ఛార్జి హోదాలో చేసిందని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ముద్ర కొట్టిన సర్కారు కాగితం ఆ సాయంత్రం వీధిలో ఇంటింటికీ తిరిగింది. మిగిలిన ఇళ్ళలో కుండలు మీటలు ఆపి వాకిట్లోకి వచ్చేశాయి. తరవాతి వారానికి అది కుండలు అమ్మే కొట్లకి వెళ్ళింది, అక్కణ్ణించి పక్క జిల్లాకి వెళ్ళింది. విశ్వపతి గారు ఒక ప్రతి చదివి, మొహం తుడుచుకుని, ఫోను పట్టుకుని బయటికి నడిచారు. నెల తిరక్కుండా ధగధగ సంస్థ కుండలన్నిటినీ వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ ప్రకటనలో 'స్వచ్ఛందంగా' అన్న మాట రెండుసార్లు ఉంది. వాళ్ళని మాత్రం ఎవరూ వేలిముద్ర అడగలేదు.

కేసు సంగతంటారా, అలాగే ఉంది. నూకరత్నం నష్టపరిహారం ఇంకా తేలలేదు. సమ్మతి ఖరారు కాలేదు కాబట్టి విక్టర్ గారు రోజూ మూత తీసి, మూత పెడుతున్నారు.

మొన్న త్రివిక్రమం గారి లేఖకి జవాబు వచ్చింది. ఆయన వినతిని సానుభూతితో పరిశీలిస్తారట. అయితే ఆ వినతి స్వచ్ఛందంగా రాసినదే అని నిర్ధారించడానికి ఎడమ బొటనవేలి ముద్ర జతచేసి పంపాలట. అది చదివాక ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని అలా కూర్చుండిపోయారు. బొబ్బ మాని, ఆయన వేలు కూడా నున్నగా తేలింది.

అప్పుడే నూకరత్నం మళ్ళీ వాయిదా తేదీ కనుక్కోవడానికి వచ్చింది. సంచీలోంచి ఒక పొట్లం తీసి ఆయన ముందు పెట్టింది. పాత మట్టికుండ మీద, ఎడమచేత్తో నేర్చుకుని తీసిన పూతరేకులట. అంచులు ఇంకా చిరుగుతున్నాయి. త్రివిక్రమం గారు ఒకటి విప్పబోయారు. అలవాటు కొద్దీ ఎడమవేలే వాడారు. రేకు అంచు ఆ వేలికి తెలియలేదు. రేకంతా పొడి పొడిగా బల్ల మీద రాలింది.

ఆయన తలెత్తలేదు. రాలిన పొడినే చూస్తూ, "ఇలా ఉంటుందన్నమాట," అన్నారు.

"ఇలాగే ఉంటాదండి," అంది నూకరత్నం. తరవాత ఆయన చేతుల్నీ తన చేతుల్నీ మార్చి మార్చి చూసుకుంది. "ఒకటి అడగనాండి? తవరి కుడివేలు బాగుంది. అది ఆడవేలు. నా ఎడంవేలు బాగుంది. ఇది మగవేలు. మీ కాయితం మీద నేను ఏత్తాను, నా కాయితం మీద తవరెయ్యండి. ఇద్దరి పనీ అయిపోద్ది."

త్రివిక్రమం గారు తన కుడి బొటనవేలిని దీపం వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. దానికి గీతలన్నీ ఉన్నాయి.

"అప్పాజీ," అన్నారు నెమ్మదిగా, "దీనికి అడ్డంగా ఏదైనా నిబంధన ఉందా?"

పథకం పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేశాను. లేదు.

"లేదండి."

"అయితే యంత్రం తీసుకురా," అన్నారాయన.